అక్క నంబరు ఆ లిస్ట్‌లో ఉంది

విజయవాడ నుంచి 27 ఏళ్ల పాఠకురాలు ఏడు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు తీసేసి, సారాంశం మాత్రం ఇక్కడ ఇస్తున్నాను.

ఆమె మూడేళ్లుగా ఒక డిజిటల్ మార్కెటింగ్ ఏజెన్సీలో పనిచేస్తున్నారు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనలు నడపడం ఆమె పని. జీతం 38 వేలు. రొయ్యల చెరువు దెబ్బతిన్నాక నాన్నగారు చేసిన అప్పుకి నెలకి 14 వేలు ఆ జీతంలోంచే కట్టాలి. ఏడాది కిందట ఒక సంతాన సాఫల్య కేంద్రం వాళ్ల ఏజెన్సీకి క్లయింట్‌గా వచ్చింది. ప్రకటన చూసి తన నంబరు ఇచ్చే మనిషిని వాళ్ల భాషలో లీడ్ అంటారు. మొదట్లో ఒక్కో లీడ్‌కి 400 రూపాయలు దాటి ఖర్చయ్యేది. క్లయింట్ ఒత్తిడి పెరిగింది. అప్పుడు ఆ కేంద్రం నుంచి ఒక ఎక్సెల్ షీట్ వచ్చింది. రిసెప్షన్‌లో ఫారం నింపిన వాళ్లందరి పేర్లు, నంబర్లు, రెండో నంబర్లు, చివర 'రిమార్క్స్' అని ఒక గడి. ఆ నంబర్లు అప్‌లోడ్ చేసి కస్టమ్ ఆడియన్స్ తయారు చేశారు, అంటే ఆ నంబర్లున్న ఖాతాలకే ప్రకటన వెళ్లే జాబితా. ఒకసారి వచ్చి మళ్లీ రాని వాళ్లకి వదలకుండా ప్రకటనలు చూపించారు. వాళ్లలాంటి కొత్తవాళ్లని వెతకడానికి దాని మీద లుక్‌అలైక్ కూడా వేశారు. లీడ్ ఖర్చు 160 రూపాయలకి దిగింది. ఆఫీసులో కేక్ కోశారు. ఆమెకి ఇంక్రిమెంట్ వచ్చింది.

ఆమె అక్కగారిది ఏలూరు. పెళ్లయి ఆరేళ్లు. ఒకసారి అబార్షన్ అయిన సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. మొన్న తోడికోడలి సీమంతం అయిన రాత్రి అక్క ఫోన్ చేసి ఏడ్చారట. "ఫోన్ కూడా నన్ను ఎత్తిపొడుస్తోందే. తెరిస్తే చాలు చంటిపిల్లలు. మీ బావ ఫోన్‌లో కూడా అదే వస్తోంది. అత్తయ్యగారు చూసి, దేవుడే దారి చూపిస్తున్నాడు, ఒకసారి వెళ్లి రండి అంటున్నారు. మేం వెళ్లొచ్చామని ఆవిడకి ఎలా చెప్పను?" అన్నారట. ఆ రీల్ మీద ఏం రాసుందని చెల్లెలు అడిగారు. "అమ్మా అని పిలిపించుకోవాలని మీకు లేదా?" అని ఉందన్నారు అక్క. ఆ వాక్యం రాసింది చెల్లెలే.

మర్నాడు ఆఫీసులో షీట్ తెరిచి వెతికితే అక్క నంబరు ఉంది. రెండో నంబరు గడిలో బావగారిది. రిమార్క్స్‌లో "రెండుసార్లు గర్భం నిలవలేదు, భర్త వెనకాడుతున్నారు, నెల తర్వాత ఫోన్ చేయాలి" అని ఉంది. రెండోసారి సంగతి అక్క ఇంట్లో ఎవరికీ, అమ్మకి కూడా చెప్పలేదు.

బాస్ దగ్గరికి వెళ్లి అడిగితే, "నంబర్లు హ్యాష్ అయ్యి వెళ్తాయమ్మా, ఎవరికీ కనపడవు. అందరూ చేసేదే. పిల్లల్లేని వాళ్లకి డాక్టర్ని చూపిస్తున్నాం, అందులో తప్పేముంది?" అన్నారట. వచ్చే నెల ఒక ల్యాబ్ నుంచి ఏఎంహెచ్ పరీక్ష చేయించుకున్న ఆడవాళ్ల లిస్ట్ కూడా వస్తుందని, అది కూడా ఆమే చూసుకోవాలని చెప్పారు. అండాల నిల్వ ఎంత ఉందో అంచనా వేసే పరీక్ష అది. అక్కకి చెప్పాలా, ఉద్యోగం మానేయాలా, ఇందులో తన తప్పు ఎంత? ఇవి ఆమె ప్రశ్నలు. అక్క, బావల నంబర్లు రెండూ మాత్రం చడీచప్పుడు లేకుండా తీసేస్తే సరిపోతుందా అని చివర్లో ఇంకో ప్రశ్న.

మీ ఉత్తరం రెండుసార్లు చదివానమ్మా. రెండోసారి ఒకటి గమనించాను. 'నా తప్పు' అనే మాట పేజీ పేజీకీ ఉంది గానీ, ఆ షీట్ బయటికి ఎలా వచ్చిందన్నది మీరు ఒక్క వాక్యంలో దాటేశారు. నేను అక్కడి నుంచే మొదలుపెడతాను.

మీ అక్కగారు ఆ ఫారంలో నంబరు ఎందుకు రాశారు? రిపోర్ట్ వస్తే ఫోన్ చేస్తారని, డాక్టరు గారు ఊరెళ్తే ముందే చెబుతారని. గది తలుపు వేశాక డాక్టరుకి చెప్పుకున్న మాట ఒక గడిలోకి, ఆ గడి ఒక మెయిల్‌లోకి, ఆ మెయిల్ మీ ఆఫీసు డ్రైవ్‌లోకి వెళ్తుందని ఆమెకి ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఆమె బావగారి నంబరు అసలు రాసేవారే కాదు. అమ్మకి కూడా చెప్పుకోలేని విషయం అక్కడ చెప్పారంటే, అది అక్కడే ఉంటుందన్న నమ్మకంతోనే.

ఆ నమ్మకానికి చట్టం తోడు కూడా ఉంది. సంతాన సాఫల్య కేంద్రాల కోసమే 2021లో అసిస్టెడ్ రిప్రొడక్టివ్ టెక్నాలజీ చట్టం వచ్చింది. తమ దగ్గరికి వచ్చిన దంపతుల వివరాలు కేంద్రాలు గోప్యంగా ఉంచాలని అందులో స్పష్టంగా ఉంది. జాతీయ రిజిస్ట్రీకి ఇవ్వవచ్చు, అత్యవసర వైద్యం కోసం ఆ దంపతులే కోరితే ఇవ్వవచ్చు, కోర్టు ఆదేశిస్తే ఇవ్వవచ్చు. ప్రకటనల ఏజెన్సీకి ఇవ్వవచ్చని ఎక్కడా లేదు. అంతకు ముందే, 2011 నాటి ఐటీ నిబంధనలు వైద్య రికార్డులను సున్నితమైన వ్యక్తిగత సమాచారంగా లెక్కగట్టి, తీసుకునే ముందు రాతపూర్వక అనుమతి ఉండాలన్నాయి. కాబట్టి ఈ వ్యవహారంలో మొదటి తప్పు, పెద్ద తప్పు ఆ షీట్ పంపిన వాళ్లది. అడగకుండా తీసుకున్న మీ ఏజెన్సీది తర్వాతిది. రిమార్క్స్ గడి కళ్లెదురుగా కనిపిస్తున్నా ఇది మనకెందుకు వచ్చిందని మీరు అడగలేదు. అది మాత్రం మీది. అంతవరకే మోయండి. మొత్తం మీ నెత్తిన వేసుకుంటే మిగతావాళ్లకి తేలికైపోతుంది, అక్కకి మాత్రం ఏ మేలూ జరగదు.

మీ సార్ చెప్పిన హ్యాష్ సంగతి సగమే నిజం. నంబరు అంకెల రూపంలో వెళ్లదు, పొడవాటి కోడ్‌గా మారి వెళ్తుంది. ఆ మాట వరకు సరే. కానీ ఒక నంబరుని ఎన్నిసార్లు హ్యాష్ చేసినా అదే కోడ్ వస్తుంది. మీ అక్క తన ఖాతాకి ఇచ్చిన నంబరు నుంచి కూడా అదే కోడ్ తయారవుతుంది. రెండు కోడ్‌లూ కలిసిన క్షణంలో ఆమె ఖాతా దొరుకుతుంది. దొరకాలనే కదా అప్‌లోడ్ చేసింది! దారిలో ఎవరైనా దొంగిలిస్తే నేరుగా చదవలేకుండా హ్యాష్ కొంత కాపాడుతుంది గానీ, ఈమెని వెతికి పట్టుకోవడం అనే పనిని అది ఆపదు. హ్యాష్ చేసినంత మాత్రాన సమాచారం అనామకం అయిపోదని అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024 జులైలో కంపెనీలకు మళ్లీ గుర్తుచేసింది కూడా.

అందరూ చేసేదే అన్న మాటకీ ఒక జవాబు ఉంది. అమెరికాలో మందుల మీద తగ్గింపు కూపన్లు ఇచ్చే గుడ్‌ఆర్‌ఎక్స్ అనే కంపెనీ ఇదే దారిలో నడిచింది. ఫలానా మందులు కొన్నవాళ్ల ఈమెయిళ్లు, ఫోన్ నంబర్లు ఫేస్‌బుక్‌కి ఎక్కించి, వాళ్లని గుర్తుపట్టి ఆరోగ్య ప్రకటనలు చూపించిందని అదే కమిషన్ కేసు పెట్టింది. 2023లో ఆ కంపెనీ 15 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. ఆరోగ్య సమాచారాన్ని ప్రకటనల కోసం బయటివాళ్లతో పంచుకోకూడదన్న ఆంక్ష కూడా దాని మీద పడింది. మీ సార్‌తో మాట్లాడేటప్పుడు ఈ ఒక్క ఉదాహరణ చాలు. నీతి గురించి మాట్లాడితే వినని వాళ్లు కూడా కేసు అంటే కుర్చీ ముందుకి జరుపుకుంటారు.

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌ల సొంతదారు మెటా కూడా 2022 జనవరిలో ఆరోగ్యం, మతం, రాజకీయ నమ్మకాలు, లైంగికత వంటి వాటితో ముడిపడిన టార్గెటింగ్ ఎంపికలను తీసేసింది. అంటే 'ఫలానా జబ్బు ఉన్నవాళ్లు' అని మెనూలోంచి ఎంచుకునే వీలు మీకు లేదు. ఆసుపత్రి షీట్ ఎక్కించడం అంటే, ముందు తలుపు మూసేసిన దాన్ని దొడ్డిదారిన లోపలికి తేవడమే. లిస్ట్ ఎక్కించేటప్పుడు ఆ నంబర్లు ఎక్కడివో మెటా అడుగుతుంది, వాటిని వాడే హక్కూ అనుమతీ మాకున్నాయని ప్రకటనదారు చేత ఒప్పించుకుంటుంది. ఆ బటన్ మీ లాగిన్‌లోంచి నొక్కారు. ఇది మీకు భయం పెట్టడానికి చెప్పడం లేదు. ల్యాబ్ లిస్ట్ వచ్చేలోపు మీరు తెలుసుకుని ఉండాల్సిన విషయం ఇది. ఒప్పందం మీద పనిచేస్తూ చేతికొచ్చిన వ్యక్తిగత సమాచారాన్ని, ఎదుటివాళ్లకి నష్టం కలుగుతుందని తెలిసీ వాళ్ల అనుమతి లేకుండా బయటపెడితే ఐటీ చట్టం 72ఏ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు శిక్ష ఉంది. అది సంస్థలకే పరిమితం కాదు, వ్యక్తులకీ వర్తిస్తుంది. ఇన్నాళ్లూ మీకు తెలియదు. ఇప్పుడు తెలుసు. ల్యాబ్ లిస్ట్‌కీ మొదటి లిస్ట్‌కీ మీ విషయంలో ఉన్న తేడా అదే.

రెండు నంబర్లు మాత్రం తీసేస్తే చాలా అని అడిగారు. ఎక్సెల్‌లో వరస చెరిపితే ఏమీ కాదు, ఎక్కించిన ఆడియన్స్‌లోంచి తీయాలి. అది తీసినా, దాని మీద తయారైన లుక్‌అలైక్ నడుస్తూనే ఉంటుంది. మీ అక్క లాంటి వాళ్లని వెతకమని చెప్పిన ఆడియన్స్‌లో మీ అక్కే మళ్లీ దొరకవచ్చు. అందుకని ఆ పని సాంకేతికంగా కూడా సరిపోదు. ఇక మిగతా నంబర్ల సంగతి. వాటి వెనక కూడా సీమంతాలకి వెళ్లి నవ్వుతూ పసుపు కుంకుమ అందుకుని, ఇంటికొచ్చి తలుపేసుకునే ఆడవాళ్లున్నారు. వాళ్లకి ఏజెన్సీలో పనిచేసే చెల్లెళ్లు లేరు, అంతే.

ఇప్పుడు మీ పని మీద నాకున్న గౌరవం గురించి కొంచెం చెప్పాలి. మీరు ఉత్తరంలో "ఈ ఫీల్డే మురికి" అని రాశారు. నేను ఒప్పుకోను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పిన లెక్క ప్రకారం ప్రతి ఆరుగురిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సంతానలేమిని ఎదుర్కొంటున్నారు. అంతమందికి సరైన సమాచారం చేరాలి. అది చేరవేసే నేర్పు మీ చేతిలో ఉంది. చూసేవాళ్ల గురించి తెలుసుకోవడంలోనే రెండు రకాలున్నాయి. గుంపు గురించి తెలుసుకోవడం ఒకటి, ఫలానా మనిషిని వెంటాడటం ఇంకొకటి.

ఆ కేంద్రం పేజీ ఇన్‌సైట్స్ ఒకసారి ఈ కళ్లతో చూడండి. ఏ వయసువాళ్లు, ఏ ఊళ్ల నుంచి, ఏ వేళకి చూస్తున్నారో అందులో ఉంటుంది. ఏ వీడియో చివరిదాకా చూశారో, ఎక్కడ ఆపేశారో ఉంటుంది. ఇలాంటి పేజీల్లో కామెంట్లు పెద్దగా రావు. పెడితే చుట్టాలకి కనపడుతుందని భయం. కానీ సేవ్ చేసుకున్న వాళ్లు, మెసేజ్‌లో ఇంకొకరికి పంపిన వాళ్లు ఎంతమందో చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. ఖర్చు ఎంతవుతుందో చెప్పిన వీడియోని ఎక్కువమంది దాచుకుంటే, జనానికి డబ్బు గురించి దిగులుందని అర్థం. మొదటి రోజు ఏమేం పరీక్షలు చేస్తారో, భర్త తప్పనిసరిగా రావాలో వద్దో చెప్పిన వీడియోని ఎక్కువమంది మెసేజ్‌లో పంపుతున్నారంటే, ఇంట్లో ఆ మాట నోటితో అనలేక వీడియోతో అనిపిస్తున్నారని అనుకోవచ్చు. మగవాళ్ల పరీక్షల గురించి డాక్టరు చేత మాట్లాడించండి. లోపం ఎప్పుడూ ఆడవాళ్లదే అనుకునే ఇళ్లలో ఆ రెండు నిమిషాల వీడియో చేసే మేలు తక్కువది కాదు. ఇదంతా చూసేవాళ్ల డేటా వాడి చేసిన పనే. ఇందులో ఎవరి నంబరూ లేదు, ఎవరి కడుపుకోతా లేదు.

ఆఫీసులో మీ ముందు ఉన్న దారులు చూద్దాం.

ఒకటి, ఏమీ అనకుండా కొనసాగడం. అప్పు కిస్తీ ఆగదు. కానీ మీ ఉత్తరం చదివాక, మీరు ఆ షీట్ మళ్లీ తెరిచి ప్రశాంతంగా పనిచేయగలరని నాకు అనిపించడం లేదు. పైగా ఇప్పుడు తెలిసి చేసినట్టవుతుంది.

రెండోది, బాస్‌తో రాతలో మాట్లాడటం. నా మొగ్గు దీని వైపే. నోటిమాట గాలిలో పోతుంది. మెయిల్ పెట్టండి, కోపంగా కాకుండా పని భాషలో. "క్లయింట్ పంపిన షీట్‌లో వైద్య వివరాలున్నాయి. వీళ్ల నుంచి ప్రకటనల కోసం అనుమతి తీసుకున్న పత్రం ఉంటే పంపగలరు. లేకపోతే ఈ ఆడియన్స్, దీనిమీద తయారైన లుక్‌అలైక్ రెండూ తొలగించి, షీట్ కాపీలన్నీ చెరిపేద్దాం. ల్యాబ్ లిస్ట్‌కి కూడా ఇదే వర్తిస్తుంది." ఇంతే. అక్క సంగతి ఆ మెయిల్‌లో వద్దు. అది రాస్తే 'ఇంటి గొడవ' అని కొట్టిపారేయడం వాళ్లకి సులువవుతుంది, ఆమె వివరం ఇంకో చోటికి పాకుతుంది కూడా.

మెయిల్‌తో పాటు ప్రత్యామ్నాయం కూడా చేతిలో ఉండాలి. విజయవాడ, గుంటూరు, ఏలూరు చుట్టూ ఇన్ని కిలోమీటర్లని పెట్టి, 25 నుంచి 45 ఏళ్ల స్త్రీపురుషులందరికీ వెళ్లే ప్రకటన. గూగుల్‌లో తమంతట తాము వెతుక్కుంటూ వచ్చేవాళ్లకి కనపడే సెర్చ్ ప్రకటన. రిసెప్షన్ ఫారంలో తెలుగులో విడిగా ఒక గడి: 'మీకు మా సమాచారం, ప్రకటనలు పంపవచ్చా?' ముందే టిక్ పెట్టి ఉండకూడదు. టిక్ పెట్టినవాళ్లు కొద్దిమందే ఉంటారు, ఆ కొద్దిమందే మీ లిస్ట్. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కోరేది కూడా ఇదే. ఎందుకు తీసుకుంటున్నామో స్పష్టంగా చెప్పాలి, దానికే వాడాలి, ఆ నోటీసును తెలుగుతో సహా రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని భాషల్లో చదువుకునే వీలుండాలి. 2025 నవంబరులో దాని నిబంధనలు వచ్చాయి. సంస్థల మీద పడే ముఖ్యమైన బాధ్యతలకి 18 నెలల గడువిచ్చారు. ఎలాగూ మారక తప్పదు, ముందే మారితే క్లయింట్‌కి మంచిదని మీ సార్ చెప్పుకోవచ్చు. ఆయనకి అలా చెప్పుకునే అవకాశం ఇవ్వండి.

దీనివల్ల ఏమవుతుంది? లీడ్ ఖర్చు పెరుగుతుంది. 160 దగ్గర నిలబడదు, అది మీకూ తెలుసు. ఒకటి రెండు నెలలు రివ్యూ మీటింగ్‌లలో మీరు మాటలు పడాల్సి రావచ్చు. ఇంక్రిమెంట్ ఇచ్చిన చేత్తోనే మొహం చిట్లించవచ్చు. అయితే నంబరిచ్చిన వాళ్లకి ఫోన్ చేసే టెలికాలర్లని ఒకసారి కనుక్కోండి. ప్రకటన చూసి ఏడుస్తూ నంబరిచ్చిన వాళ్లలో ఎంతమంది నిజంగా వస్తున్నారు, వివరాలు తెలుసుకుని నంబరిచ్చిన వాళ్లలో ఎంతమంది వస్తున్నారు? లీడ్ చవకగా దొరికినా మనిషి రాకపోతే ఆ చవకకి అర్థం లేదు. ఆ లెక్క మీరే తీసి చూపిస్తే మీ మాటకి బలం వస్తుంది.

మూడో దారి, ఏజెన్సీని దాటి నేరుగా ఆ డాక్టరుకి చెప్పడం. ఆయనకో ఆమెకో ఈ షీట్ సంగతి తెలియకపోయే అవకాశం చాలా ఉంది. మార్కెటింగ్ చూసే కుర్రాడు పంపేసి ఉంటాడు. తెలిస్తే గుండెలు బాదుకునే డాక్టర్లు ఉన్నారు. కానీ బాస్‌ని దాటి వెళ్తే ఉద్యోగం మీద దెబ్బ పడవచ్చు. అందుకని మెయిల్‌కి జవాబు రాకపోతేనో, ల్యాబ్ లిస్ట్ ఎక్కించమని గట్టిగా ఒత్తిడి చేస్తేనో ఇది ఆలోచించండి. అదే జరిగితే మీ అక్క కూడా ఒక పేషెంట్‌గా ఆ కేంద్రానికి రాయవచ్చు, నా వివరాలు ఎవరెవరికి ఇచ్చారు, వెంటనే తొలగించండి అని. అది ఆమె హక్కు. అయితే రాయాలో వద్దో ఆమే నిర్ణయించుకోవాలి, మీరు నెట్టకూడదు.

ఉద్యోగం మానేయడం చివరిది. రేపే మానేస్తే మీ చేతులు కడుక్కున్నట్టుంటుంది, షీట్ మాత్రం అక్కడే ఉంటుంది, పక్క సీటు అబ్బాయి ఎక్కిస్తాడు. నాన్నగారి అప్పు ఎవరు కడతారు? ఇప్పుడే వేరేచోట వెతకడం మొదలుపెట్టండి. మూడు నెలల కిస్తీకి సరిపడా పక్కన పెట్టుకోండి. మెయిల్ పెట్టాక కూడా ల్యాబ్ లిస్ట్ మీ చేతే ఎక్కించాలని పట్టుబడితే అప్పుడు మానేయండి. ఎందుకు మానేశానో ఇంట్లో చెప్పండి కూడా. కిస్తీ ఆలస్యమైతే నాన్నగారు తట్టుకుంటారు. కూతురు దేనికో బాధపడుతోంది, ఎందుకో తెలియదు అన్నదే ఆయన్ని ఎక్కువ నలిపేస్తుంది.

ఇక అక్క.

చెప్పకుండా ఉండవచ్చు. ఆడియన్స్ తీసేశారు, ప్రకటనలు ఆగాయి, ఆమె కొన్నాళ్లకి మర్చిపోతుంది. చాలా ఇళ్లలో ఇలాగే జరుగుతుంది, దాన్ని నేను తప్పుపట్టను. కానీ మీ ఇద్దరి మధ్య ఇంకో విషయం కూర్చుంది. ఆమె ఎవరికీ చెప్పుకోని రెండో నష్టం మీకు తెలిసింది, అదీ ఒక ఎక్సెల్ గడిలోంచి. రేపు ఆమె తనంతట తాను చెప్పినప్పుడు మీరు అప్పుడే విన్నట్టు మొహం పెట్టాలి. మీరు పెట్టలేరు. ఆమె కనిపెడుతుంది. అప్పుడు జరిగే గాయం ఇప్పటిదానికంటే లోతుగా ఉంటుంది. అందుకే చెప్పమంటాను.

చెప్పే ముందు ప్రకటన ఆగాలి. ఇంకా ఫోన్‌లో అదే రీల్ తిరుగుతుండగా క్షమాపణ చెబితే ఆమెకి ఒరిగేదేమీ లేదు. ఫోన్‌లో వద్దు, ఏలూరు వెళ్లండి. అత్తగారు గుడికో, పేరంటానికో వెళ్లిన వేళ చూసుకోండి. రెండు ఫోన్లూ మీ చేతులతో సర్దండి, ఆమెవీ బావగారివీ. ఫేస్‌బుక్ ప్రకటనల సెట్టింగ్‌లలో పేరెంటింగ్ ప్రకటనలు తక్కువ చూపించమనే వీలుంది. ఫలానా ప్రకటనదారు లిస్ట్ ఆధారంగా నాకు ప్రకటనలు చూపవద్దని ఆపే వీలూ అక్కడే ఉంది. గూగుల్ ప్రకటనల సెట్టింగ్‌లలో గర్భధారణ, పిల్లల పెంపకానికి సంబంధించినవి తగ్గించుకోవచ్చు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో, ప్రకటనల కోసం ఆ ఫోన్‌ని గుర్తుపట్టే అడ్వర్టైజింగ్ ఐడీ తొలగించవచ్చు. 'ఈ ప్రకటన నాకు సంబంధం లేదు' అని నొక్కి ఊరుకుంటే మాత్రం సరిపోదు. 2018లో గిలియన్ బ్రాకెల్ అనే అమెరికన్ జర్నలిస్టు, బిడ్డ కడుపులోనే చనిపోయాక, టెక్ కంపెనీలకి ఒక బహిరంగ లేఖ రాశారు. ప్రసవానికి ముందరి ప్రకటనలన్నీ వద్దు వద్దని నొక్కితే, ఆమెకి బిడ్డ పుట్టిందనుకుని బాలింతల వస్తువుల ప్రకటనలు మొదలయ్యాయట. అది చదివిన రోజు నాకు అన్నం సహించలేదు.

మాట ఎలా మొదలుపెట్టాలని భయపడుతున్నారు కదా. చిన్నగా మొదలుపెట్టండి. "అక్కా, నీకు కనపడుతున్న ఆ ప్రకటన నేను పనిచేసే చోటి నుంచే వచ్చింది. ఆ మాట రాసింది నేనే. నీ నంబరు ఆసుపత్రి వాళ్లు మాకు పంపిన లిస్ట్‌లో ఉంది. నువ్వు అక్కడ చెప్పినవి కూడా కొన్ని అందులో ఉన్నాయి, నేను చూశాను. ఎవరికీ చెప్పలేదు, చెప్పను." రెండోసారి సంగతి మీ నోటితో పేరు పెట్టి అనకండి. మీకు తెలుసని ఆమెకి అర్థమవుతుంది. దాని గురించి మాట్లాడాలా, మాట్లాడకూడదా అన్నది ఆమె చేతిలో పెట్టండి. ఆ తర్వాత ఆగండి. ఉద్యోగం, అప్పు, సార్, ఇవేవీ అప్పుడు తేవద్దు. మీరు ఏడిస్తే ఆమె మిమ్మల్ని ఓదార్చడంలో పడిపోతుంది. అక్కలు అంతే. ఆ అవకాశం ఆమెకి ఇవ్వకండి, అది ఆమె ఏడ్చుకునే వేళ.

కోప్పడవచ్చు. నాలుగు రోజులు ఫోన్ తీయకపోవచ్చు. తీసేదాకా రోజుకో మెసేజ్ పెట్టండి, జవాబు ఆశించకుండా. అమ్మకి చెప్పి రాయబారం చేయించకండి, చెప్పాల్సి వస్తే ఏం చెప్పాలన్నది మళ్లీ అదే రహస్యం దగ్గరికి వస్తుంది.

ఒక్క ప్రశ్నకి మాత్రం ముందే సిద్ధపడి వెళ్లండి. బాధ కాస్త తగ్గగానే ఆమె అడిగేది, "అది ఇంకా ఎవరెవరు చూశారే?" అని. నాకు తెలియదంటే కుదరదు. బయల్దేరే ముందు రోజే ఆఫీసులో ఆ షీట్ ఎవరి మెయిల్‌కి వచ్చిందో, డ్రైవ్‌లో ఎవరెవరికి తెరిచే వీలుందో, టెలికాలర్లకి రిమార్క్స్ గడితో సహా వెళ్లిందో లేదో కనుక్కోండి. నలుగురైతే నలుగురని, పదిమందైతే పదిమందని చెప్పండి.